పిల్లాడి పళ్లు పుచ్చిపోవడానికి నా నోట్లో బాక్టీరియానే కారణమా?

మియాపూర్_అమ్మ
మా వాడికి మూడున్నరేళ్లు. పై వరసలో ముందు నాలుగు పళ్లూ చిగురు దగ్గర మొదట పసుపు తిరిగాయి, తర్వాత గోధుమ రంగులోకి వచ్చాయి, ఇప్పుడు ఒకదాని అంచు విరిగింది. కింది వరస మాత్రం చెక్కుచెదరలేదు. మొన్న ఇంటి దగ్గర ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టరు వాడి నోరు చూశాక నన్ను కూడా నోరు తెరవమన్నారు. నాకు దవడల్లో రెండు పుచ్చు పళ్లున్నాయి, ఎప్పటినుంచో వాయిదా వేస్తున్నాను. అవి చూసి "ఇంకేముందమ్మా, బాక్టీరియా మీ నుంచే బాబుకి వెళ్లింది" అనేశారు. పక్క కుర్చీలో మా అత్తగారు. ఆ మాట ఇప్పటికి వాళ్ల వైపు చుట్టాలందరికీ చేరిపోయింది. నిన్న వరంగల్ నుంచి ఆడపడుచు ఫోన్ చేసి "వదినా, బాబుకి నీ కంచంలో పెట్టకు" అని జాగ్రత్తలు చెప్పింది.

నిజంగా తల్లి నోటి నుంచే వస్తుందా? అలా అయితే మా తోడికోడలి కొడుకు లేస్తే చాక్లెట్, పడుకుంటే చాక్లెట్, వాళ్లమ్మకీ నాలాగే పుచ్చు పళ్లున్నాయి, వాడికి ఒక్కటీ పుచ్చలేదు, అదెలా? మా వాడికి నాలుగింటికీ రూట్ కెనాల్, పైన క్యాపులు అని కాగితం రాసిచ్చారు. దాని మీద ఖర్చు అంకె చూసిన దగ్గర్నుంచి మా ఆయన నోట మాట లేదు.

ఉప్పల్_ఉదయ్
పాలపళ్లే కదా అక్కా. ఎలాగూ ఊడిపోయేవాటికి రూట్ కెనాల్ ఏంటి, క్యాపు ఏంటి. పిల్లల పేరు చెప్తే అమ్మానాన్నలు ఎంతైనా కడతారని వాళ్లకి తెలుసు. నొప్పి లేకపోతే వదిలెయ్.

రాత్రిడ్యూటీ_నర్సు
ఉదయ్ గారూ, "నొప్పి లేకపోతే వదిలెయ్" అన్నవాళ్ల పిల్లల్నే మేం అర్ధరాత్రి చూస్తుంటాం, బుగ్గ వాచి కన్ను మూసుకుపోయి 103 జ్వరంతో. ముందు పళ్లు ఆరేడేళ్లకి ఊడతాయి, సరే. దవడ పాలపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, లోపల్నుంచి రావాల్సిన పన్నుకి దారి ఉండదు. పైగా పాలపన్ను ఎనామెల్, అంటే పైనుండే గట్టి పొర, శాశ్వత పన్నుకి ఉండేదాంట్లో దాదాపు సగం మందమే, పుచ్చు నరం దాకా పోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఉప్పల్_ఉదయ్
సరే సిస్టర్, నేనేం అనలేదు.

కెమిస్ట్రీ_సార్
అడిగిన ప్రశ్నకి ఇంకా ఎవరూ రాలేదు. తల్లి నోటి నుంచి వస్తుందా అంటే వస్తుంది. కానీ పన్ను పుచ్చడానికి అదొక్కటే చాలదు.

ఎక్కువగా వినపడే పేరు స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్. 1924లో క్లార్క్ అనే ఆయన లండన్‌లో పుచ్చిన పళ్ల నుంచి దాన్ని వేరుచేశాడు, ఆ తర్వాత 1960ల దాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అంతకు ముందే, 1890లో, బెర్లిన్‌లో పనిచేసిన మిల్లర్ అనే అమెరికా దంతవైద్యుడు నోట్లో సూక్ష్మజీవులు పిండినీ చక్కెరనీ పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయనీ, పంటిని కరిగించేది ఆ ఆమ్లమేననీ రాశాడు. 1954లో ఆర్లాండ్ బృందం ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలకి చక్కెర దండిగా పెట్టింది, ఒక్కదానికీ పన్ను పుచ్చలేదు. 1960లో కీస్ ఇంకో మెలిక చూపించాడు. మంచి పళ్లున్న హామ్‌స్టర్లని, అంటే ఎలుకలాంటి జంతువుల్ని, పుచ్చు పళ్లున్న వాటితో ఒకే బోనులో పెడితే వీటికీ పుచ్చాయి. మీ డాక్టరు గారి మాటకి మూలం అక్కడుంది.

మ్యూటన్స్‌కి సుక్రోజ్, అంటే మన పంచదార, దొరికితే దాంతో జిగురు చేసుకుని పంటికి అతుక్కుంటుంది. పొద్దున్నే నాలుకతో తడిమితే తగిలే పాచిలో ఆ జిగురు ఉంటుంది. మిగతా చక్కెరని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్, అంటే ఆమ్లాన్ని కొలిచే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ, అది 5.5 కంటే దిగితే ఎనామెల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి రావడం మొదలవుతుంది. 1940లలో స్టీఫన్ అనే ఆయన కొలిచి చూపించాడు, చక్కెర నీళ్లు పుక్కిలించిన కొద్ది నిమిషాల్లోనే పాచిలో పీహెచ్ పడిపోతుంది, మళ్లీ మామూలుకి రావడానికి అరగంట, ఒక్కోసారి గంట. ఈలోపు ఇంకో బిస్కెట్ పడితే మళ్లీ మొదటికే. అందుకే ఎంత తీపి తిన్నాడు అని కాదు, ఎన్నిసార్లు తిన్నాడు అని చూడాలి.

దిల్‌సుఖ్‌నగర్_డాడీ
పాఠం బాగుంది సార్, కానీ ఆ ఎలుకలకి నానమ్మలు లేరు కాబట్టి సరిపోయింది.

కెమిస్ట్రీ_సార్
ఉంటే ఆ గదిలోకి కూడా బెల్లం ముక్క చేరేది.

పళ్ల_డాక్టరు_తార్నాక
నేను పిల్లల దంతవైద్యం చేస్తాను. నోరు చూడకుండా ఏదీ ఖాయంగా చెప్పను, కానీ పైన నాలుగు పోయి కింద నాలుగు బాగుండటం మాకు రోజూ కనపడే వ్యవహారమే. కింది ముందు పళ్లని నాలుక కప్పి ఉంచుతుంది, లాలాజలం ఊరేది కూడా ఆ పక్కనే. పై పళ్ల దగ్గర పెదవికీ పంటికీ మధ్య పాలు నిలిచిపోతాయి. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది కాబట్టి ఆ పాలు అలాగే ఉండిపోతాయి. మియాపూర్ అమ్మ గారూ, బాబు రాత్రి ఎలా నిద్రపోతాడు?

మియాపూర్_అమ్మ
సీసాతోనే డాక్టర్ గారూ. ఏడాదిన్నరకే మాన్పిద్దామని నేనంటే "పసివాడు ఆకలితో పడుకుంటాడా" అని మా అత్తగారు పడుకోబెట్టే పని తీసుకున్నారు. పాలు, రెండు చెంచాల పంచదార, పైన చాక్లెట్ పొడి. మధ్యరాత్రి లేచి ఏడిస్తే ఇంకో సీసా.

దిల్‌సుఖ్‌నగర్_డాడీ
కేసు తిరగబడింది యువరానర్.

నల్లకుంట_నాని
ముందు ఈ పేజీ స్క్రీన్‌షాట్ తీసి వరంగల్ పంపక్కా.

పళ్ల_డాక్టరు_తార్నాక
నవ్వండి గానీ ఇప్పుడు అత్తగారి మీద కేసు పెట్టకండి. తల్లీబిడ్డల నోళ్లలోని మ్యూటన్స్‌ని డీఎన్ఏతో పోల్చిన పరిశోధనల్లో చాలాసార్లు ఒకే రకం దొరికింది, నిజమే. తల్లే ఎక్కువసేపు దగ్గరుంటుంది కదా. కానీ తండ్రి నుంచి, ఇంట్లో పెద్దవాళ్ల నుంచి, క్రెష్‌లో తోటి పిల్లల నుంచి కూడా వస్తుంది. 1993లో కాఫీల్డ్ బృందం 19 నుంచి 31 నెలల మధ్య ఇది ఎక్కువగా చేరుతుందని రాసింది. ఆ తర్వాత ఇంకా పళ్లే రాని పసివాళ్ల నోట్లోనూ కనపడింది. కాబట్టి మూడున్నరేళ్ల పిల్లాడికి ఈరోజు కంచం వేరు చేసి ఒరిగేదేమీ లేదు. మీతోనే తిననివ్వండి.

నోట్లో వందల రకాల బాక్టీరియా ఉంటాయి. స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్ లాంటివి హైడ్రోజన్ పెరాక్సైడ్ వదిలి మ్యూటన్స్‌ని పెరగనివ్వవు. కానీ అస్తమానం తీపి పడుతూ నోరు ఆమ్లంగానే ఉంటే అవి తట్టుకోలేవు, ఆమ్లానికి అలవాటు పడ్డవే మిగులుతాయి. 1994లో మార్ష్ అనే ఆయన ఈ వాదన పెట్టాడు, నేను రోజూ చూసే పిల్లల్లో నాకు ఇదే సరిగ్గా సరిపోతుంది. మ్యూటన్స్ పెద్దగా లేకుండానే పళ్లు పుచ్చిన పిల్లలున్నారు, వాళ్లలో కొందరికి స్కార్డోవియా విగ్సియే అనే ఇంకోటి దొరికింది. కాండిడా అనే ఫంగస్ కూడా మ్యూటన్స్‌తో జతకట్టి పాచిని మందం చేస్తుంది. ఒక్క దొంగని పట్టుకుంటే తేలిపోయే కేసు కాదిది.

మీ పుచ్చు పళ్లు మాత్రం బాగుచేయించుకోండి. అవి అలాగే ఉంటే మీ లాలాజలంలో ఈ బాక్టీరియా లెక్క ఎక్కువే ఉంటుంది, అది మీకూ మంచిది కాదు, ఇంట్లో రేపు ఇంకో పసిబిడ్డ వచ్చినా మంచిది కాదు. ఇక మీ తోడికోడలి కొడుకు సంగతి. లాలాజలం ఎంత ఊరుతుంది, ఎనామెల్ ఎంత గట్టిది, ఏ పేస్టు వాడతారు, ఆ చాక్లెట్ అన్నం తిన్నాక తింటాడా, రోజంతా చప్పరిస్తాడా, ఇన్ని ఉన్నాయి. అసలు వాడి పెదవి ఎత్తి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

సీతాఫల్‌మండి_అమ్మమ్మ
మా చిన్నప్పుడు ఎంగిలి ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. మా అమ్మ ఒకే కంచంలో కలిపి అయిదుగురికి ముద్దలు పెట్టేది. తేడా ఏమిటంటే అప్పుడు మధ్యాహ్నం అన్నానికీ రాత్రి అన్నానికీ మధ్య నోట్లో ఏమీ పడేది కాదు, ఇంట్లో ఉంటే కదా. ఇప్పుడు మా మనవరాలు ఫోన్ చూస్తూ అన్నం బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది. మింగావా అంటే తల ఊపుతుంది. వేలు పెట్టి చూస్తే ముద్ద అలాగే ఉంటుంది, మెత్తగా జావైపోయి, దవడ పళ్లకి అంటుకుని. దాన్ని తీయబోతే వేలు కొరుకుతుంది. మరి అన్నం తీపి కాదు కదా, దానికీ పుచ్చుతాయా?

కెమిస్ట్రీ_సార్
పుచ్చుతాయమ్మా. లాలాజలం అన్నంలోని పిండిని చక్కెరగా విడగొడుతుంది. కాసేపు నమిలితే అన్నం తియ్యగా ఎందుకు తగులుతుందనుకున్నారు. పంచదారంత చెడ్డది కాదు గానీ, బుగ్గన నిలవ ఉంటే బాక్టీరియాకి కావాల్సినంత దొరుకుతుంది.

ఇరానీచాయ్_66
అయితే ఉస్మానియా బిస్కెట్ పాలలో ముంచి పెట్టడం కూడా నేరమేనా? హైదరాబాద్‌లో పుట్టిన పిల్లాడి జన్మహక్కు అది.

దిల్‌సుఖ్‌నగర్_డాడీ
హక్కే భాయ్. సాయంత్రం ఒకసారి పెట్టు, గంటకోసారి వాయిదాలు కట్టకు.

ఇరానీచాయ్_66
తాటిబెల్లం బిస్కెట్లు అని అమ్ముతున్నారు, పంచదార లేదని. అవి?

కెమిస్ట్రీ_సార్
బెల్లంలో కూడా ఎక్కువ భాగం సుక్రోజే. మ్యూటన్స్ ప్యాకెట్ మీద రాసింది చదవదు. తేనె రాసిన పాలపీక గురించి ఎవరైనా అడిగేలోపే చెప్తున్నా, దానికీ ఇదే జవాబు.

కూకట్‌పల్లి_కళ్యాణి
మా అమ్మ వాళ్ల ఊళ్లో పుచ్చు పన్నుకి వాకుడు గింజల పొగ పట్టిస్తారు. పొగ పట్టాక పురుగులు రాలతాయని, కళ్లారా చూశామని చెప్పేవాళ్లు చాలామంది. పన్నులో పురుగంటే ఈ బాక్టీరియానేనా మరి?

కెమిస్ట్రీ_సార్
బాక్టీరియా మైక్రోస్కోప్ లేకుండా కనపడదు, రాలి పళ్లెంలో పడదు. ఐరోపాలోనూ ఒకప్పుడు ఇదే ఆట నడిచింది, అక్కడ ఖురాసానీ వాము గింజలు. నిప్పుల మీద గింజ చిట్లి లోపలున్న తెల్లటి అంకురం వంకరగా బయటికొస్తుంది, అదే పురుగు. పొగకి కాసేపు నొప్పి మొద్దుబారొచ్చు. పన్నులో రంధ్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

నల్లకుంట_నాని
బాక్టీరియానే అయినప్పుడు ఓ అయిదు రోజులు యాంటీబయాటిక్ సిరప్ వేస్తే పోదా? ఇంత చర్చ ఎందుకు.

రాత్రిడ్యూటీ_నర్సు
పోదు. పాచి పొరలు పొరలుగా ఉంటుంది, లోపలిదాకా మందు సరిగా చేరదు, చచ్చినవి చావగా మిగిలినవి కోర్సు అయ్యాక మళ్లీ పెరుగుతాయి. పన్నుకి పడ్డ రంధ్రం మందుతో పూడదు. ముఖం వాచి జ్వరం వచ్చినప్పుడు యాంటీబయాటిక్ ఇస్తారు, అది వేరే సంగతి, అప్పుడు కూడా పన్నుకి చేయాల్సింది చేయాల్సిందే. ఇంకో మాట, ఈ సిరప్‌లు చాలావాటిలో చక్కెర ఉంటుంది, మనమేమో రాత్రి తాగించి వెంటనే పడుకోబెడతాం. కనీసం రెండు గుక్కలు నీళ్లు పట్టించండి.

నల్లకుంట_నాని
టీకా?

రాత్రిడ్యూటీ_నర్సు
దశాబ్దాలుగా ప్రయత్నిస్తూనే ఉన్నారు, పిల్లలకి వేసేలాంటిది ఇంకా రాలేదు.

మర్రిగూడ_శేఖర్
అందరూ తిరిగి తిరిగి ఫ్లోరైడ్ పేస్టు దగ్గరికే వస్తారని తెలుసు కాబట్టి ముందే చెప్తున్నా. మాది నల్లగొండ జిల్లా, ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఉంటున్నాం. ఫ్లోరైడ్ గురించి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా పెదనాన్న నడుం వంగిపోయి చివరికి మంచం మీద పక్కకి తిరగాలన్నా ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. మా ఈడువాళ్ల పళ్ల మీద గోధుమ చారలు లేని నోరు మా ఊళ్లో తక్కువ. నా బిడ్డ నోట్లో ఆ మందు పెట్టను.

కెమిస్ట్రీ_సార్
శేఖర్ గారూ, మీరు చూసింది అబద్ధం అనను. కానీ ఆ రోగం వచ్చింది ఏళ్ల తరబడి తాగిన బోరు నీళ్ల వల్ల, లోపలికి వెళ్లిన ఫ్లోరైడ్ వల్ల. పేస్టులోది పంటి పైన పనిచేయాలి. కరిగిపోయిన కాల్షియం మళ్లీ పంటిలోకి చేరడానికి అది సాయం చేస్తుంది, బాక్టీరియా ఆమ్లం తయారుచేయడాన్నీ కొంత అడ్డుకుంటుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. 1000 పీపీఎం పేస్టు, అంటే గ్రాముకి 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్నది, బియ్యపు గింజంత పెడితే సుమారు 0.1 గ్రాము, అందులో ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము. మొత్తం మింగేసినా 1.5 ఉన్న నీళ్లు ఒక లీటరు తాగితే వెళ్లేదాంట్లో పదిహేనో వంతు.

మర్రిగూడ_శేఖర్
లెక్క ఒప్పుకుంటా. మా వాడు ట్యూబ్ నోట్లో పెట్టుకుని పిండుకుంటాడు, స్ట్రాబెర్రీ వాసన మరి. దానికేం లెక్క చెప్తారు?

పళ్ల_డాక్టరు_తార్నాక
మీ భయం సరైనదే, ట్యూబ్ పై అరలో పెట్టండి. పేస్టు పెట్టే పని పెద్దవాళ్లదే. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. ప్రకటనల్లో బ్రష్ ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుస్తారే, అది పేస్టు అమ్ముకోవడానికి. బొమ్మలున్న పిల్లల పేస్టుల్లో కొన్నింటిలో ఫ్లోరైడే ఉండదు, వెనకవైపు పీపీఎం చూసి కొనండి. ఎక్కడైనా ఇంకా బోరు నీళ్లే తాగుతుంటే మాత్రం ముందు ఆ నీళ్లు పరీక్ష చేయించి, తర్వాత పేస్టు సంగతి మీ డాక్టరుతో మాట్లాడండి.

ఎలా తోమాలో కూడా రాస్తాను, సగం మంది ఇక్కడే తప్పిపోతారు. ఏడెనిమిదేళ్ల దాకా పిల్లలు తోమేది ఆటకిందే లెక్క, ఒకసారి మీరు తోమాలి. నేల మీద కూర్చుని పిల్లాడి తల మీ ఒళ్లో వెనక్కి ఆనించి పడుకోబెట్టుకోండి. చూపుడు వేలితో పై పెదవి ఎత్తండి. పొడి గుడ్డతో పళ్లు తుడిచి వెలుతురులో చూడండి. చిగురుని ఆనుకుని సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత కనపడితే అదే మొదలు, తడిగా ఉన్నప్పుడు అది కనపడదు. ఆ దశలో డ్రిల్లింగ్ అక్కర్లేదు, ఫ్లోరైడ్‌తోనూ తిండి వేళలు మార్చడంతోనూ వెనక్కి తేవచ్చు. గోధుమ రంగుకి తిరిగి గుంట పడ్డాక తేలేం. తోమాక ఉమ్మించండి, గ్లాసుడు నీళ్లతో పుక్కిలించక్కర్లేదు, పేస్టు కాస్త మిగలనివ్వండి. రాత్రి తోమాక నీళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వకండి.

ఉప్పల్_ఉదయ్
ఇప్పుడే మా పాప పెదవి ఎత్తి చూశా. గీత ఉంది. గీతలు.

రాత్రిడ్యూటీ_నర్సు
పరేషాన్ కాకండి, గీతల దగ్గరే చూశారు. మియాపూర్ అమ్మ గారూ, అంత డబ్బు కట్టేముందు ఇంకొకరికి చూపించండి. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి పక్కనే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, పిల్లల పళ్లకి ప్రత్యేక విభాగం ఉంది. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోవాలి, జనం ఉంటారు, తాగడానికి నీళ్లు, పిల్లాడికి బొమ్మ పట్టుకెళ్లండి.

కూకట్‌పల్లి_కళ్యాణి
రాత్రి సీసా మాన్పించడం ఎలాగో ఎవరూ చెప్పరేం? మా దాంతో నేను ఓడిపోయాను.

దిల్‌సుఖ్‌నగర్_డాడీ
మేం ముందు పంచదార తగ్గించాం, తర్వాత పాలలో రోజూ కొంచెం కొంచెం నీళ్లు పెంచాం. చివరికి సీసాలో ఉన్నది ఉత్త నీళ్లే అని తెలిసిన రోజు మా వాడు దాన్ని మూడో అంతస్తు బాల్కనీ నుంచి కిందకి విసిరాడు. వాచ్‌మన్ స్కూటర్ సీటు మీద పడింది. అంతటితో సీసా వ్యవహారం ముగిసింది, వాచ్‌మన్‌తో వ్యవహారం ఇంకా నడుస్తోంది.

మియాపూర్_అమ్మ
డెంటల్ కాలేజీకి వెళ్లొచ్చాం. నాలుగింటికీ అక్కర్లేదట. ఎక్స్‌రే తీశారు, రెండింట్లో నరం దాకా వెళ్లింది, వాటికి చికిత్స తప్పదు. మిగతా రెండింటికి ఏదో ద్రావణం పూస్తామన్నారు, పుచ్చు అక్కడితో ఆగుతుందట, కానీ పుచ్చిన చోట నల్లగా అయిపోతుందట. నా పళ్లకి కూడా తేదీ ఇచ్చారు. మా అత్తగారితో అక్కడి అమ్మాయి డాక్టరు సీసా గురించి మెల్లగా మాట్లాడింది. ఈవిడ "పంచదార లేకుండా వాడు తాగడు, నేనే రుచి చూసి ఇస్తాను" అన్నారు. ఏ చెంచాతో రుచి చూస్తారని ఆ అమ్మాయి అడగలేదు, నేనూ అడగలేదు.

నల్లకుంట_నాని
అక్కా నువ్వు మహాత్మురాలివి.

పళ్ల_డాక్టరు_తార్నాక
ఆ ద్రావణం సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్. అందులో వెండి బాక్టీరియాని చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడ్డ భాగాన్ని గట్టిపరుస్తుంది. సూది లేదు, డ్రిల్ లేదు, మూడేళ్ల పిల్లలకి ఇంతకంటే తేలికైనది దొరకదు. జపాన్‌లో దశాబ్దాలుగా వాడుతున్నారు. మంచి ఎనామెల్ నల్లబడదు, పుచ్చిన భాగమే నల్లబడుతుంది. పెదవికి అంటితే కొన్నాళ్లు మరక ఉంటుంది, కంగారు పడకండి. ఒకసారి పూసి వదిలేస్తే కాదు, చెప్పినప్పుడు మళ్లీ తీసుకెళ్లాలి.

కూకట్‌పల్లి_కళ్యాణి
ముందు పళ్లు నల్లగానా? వచ్చే నెల మీ మరిది పెళ్లి కదా, ఫొటోల్లో ఎలా మరి? పెళ్లయ్యాక పూయించొచ్చుగా.

రాత్రిడ్యూటీ_నర్సు
పెళ్లి కోసం పుచ్చు ఆగదు కళ్యాణీ. ఆ నెలలో అవి కూడా నరం దాకా వెళ్తే పెళ్లిలో బుగ్గ వాచిన ఫొటోలు వస్తాయి.

దిల్‌సుఖ్‌నగర్_డాడీ
అయినా పెళ్లి ఫొటోల్లో నవ్వమంటే నవ్వే మూడేళ్ల పిల్లాణ్ని నేనింతవరకు చూడలేదు. పూయించెయ్ అక్కా.